తిరిగొచ్చాక తేలిన లెక్క

1958లో ఒకరోజు రోమ్ నగరంలో, సపియెంజా విశ్వవిద్యాలయం ఆఫీసు కౌంటరు ముందు సోఫియా కొరాడి అనే న్యాయశాస్త్ర విద్యార్థిని నిలబడింది. అంతకుముందు విద్యాసంవత్సరం ఆమె ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్లి, న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో తులనాత్మక న్యాయశాస్త్రం చదివి, మాస్టర్స్ పట్టా పుచ్చుకుని వచ్చింది. అక్కడ రాసిన పరీక్షలను ఇక్కడి చదువులో కలుపుకుంటారని ఆమె ఆశ. కాగితాలు చూసిన ఉద్యోగి కలుపుకోవడం మాట అటుంచి, పదిమంది తోటి విద్యార్థుల ముందు ఆమెను గట్టిగా కసిరాడు. కొలంబియా పేరే తాను వినలేదన్నాడు. అమెరికాలో షికార్లు చేసొచ్చి దాన్ని చదువంటే ఎవరొప్పుకుంటారు, వెళ్లి పుస్తకాలు ముందేసుకో అన్న ధోరణిలో మాట్లాడాడు. కొరాడి ఇంకో ఏడాది చదివి గానీ రోమ్‌లో డిగ్రీ తీసుకోలేకపోయింది.

ఆ అవమానాన్ని ఆమె మరిచిపోలేదు. చదువు ముగిసి, విద్యారంగంలో పరిశోధకురాలై, ఇటలీలోని విశ్వవిద్యాలయాల రెక్టర్లకు సలహాదారు అయ్యాక, 1969 నుంచి ఒకటే పాట పాడింది. వేరే దేశంలో చదివిన చదువును సొంత విశ్వవిద్యాలయం గుర్తించాలి. కనిపించిన ప్రతి రెక్టరుకూ అదే చెప్పింది, ప్రతి సమావేశంలోనూ అదే కాగితం పంచింది. చివరికి 1987లో, విద్యార్థులు కొన్ని నెలలు వేరే దేశంలో చదివి రావడానికి, యూరప్ దేశాలు ‘ఎరాస్మస్’ అనే పథకాన్ని మొదలుపెట్టాయి. అందులో పదిమందితో పాటు కొరాడి చెయ్యీ ఉంది. తర్వాతి తరం పిల్లలు ఆమెను ‘మమ్మా ఎరాస్మస్’ అని పిలుచుకున్నారు. 2016లో స్పెయిన్‌లో ఆమెకు ఐదవ చార్లెస్ పేరిట ఇచ్చే యూరప్ పురస్కారం దక్కింది.

కొన్నాళ్లు పరాయి దేశంలో చదువుకుని వచ్చిన ఒక విద్యార్థిని వెనక్కి తిరిగి చూసుకున్నప్పుడు ఆమెకు కనిపించింది న్యూయార్క్ ఆకాశహర్మ్యాలు మాత్రమే కాదు, రోమ్‌లోని ఆ కౌంటరు కూడా. ఈ ప్రసంగం అలా తిరిగొచ్చినవాళ్ల గురించే. ఒక సెమిస్టరు, మహా అయితే ఒక ఏడాది బయట చదివి, మళ్లీ సొంత కాలేజీ బెంచీ మీద కూర్చున్నవాళ్లు కాలం గడిచాక ఆ రోజుల గురించి ఏం చెప్పారు, వాళ్ల మాటల్లో మనకు పనికొచ్చేది ఏముంది?

మన తెలుగు ఇళ్లలో ఫారిన్ చదువంటే వేరే అర్థం. ఎమ్మెస్, ఆ తర్వాత ఓపీటీ, ఆపైన హెచ్‌వన్‌బీ. బ్యాంకు లోను, కన్సల్టెన్సీ, వీసా ఇంటర్వ్యూ, మొక్కు తీర్చుకోవడానికి చిలుకూరు గుడి. అది వెళ్లి స్థిరపడే చదువు. సెమిస్టరు చదువు అలాంటిది కాదు. తిరుగు టికెట్టు చేతిలో పెట్టుకుని వెళ్లేది. పేరు ఇక్కడి హాజరు పట్టీలోనే ఉంటుంది, డిగ్రీ ఇక్కడే ఇస్తారు, మధ్యలో నాలుగైదు నెలలు మాత్రం ఇంకో దేశంలో.

ఈ రెండు రకాల చదువులూ ఒకే ఏడాది పక్కపక్కన కనిపించిన సందర్భం ఒకటుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923 అక్టోబరులో ఓడ దిగి బోస్టన్ చేరాడు. హార్వర్డ్‌లో చదువు కోసం వెళ్లిన ఆ యువకుడు ఖర్చులకు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేశాడు. పెద్ద శాస్త్రవేత్త అయ్యాడు. మళ్లీ స్వదేశం చూడకుండానే 1948లో అమెరికాలో కన్నుమూశాడు. ఆయన అమెరికా చేరడానికి మూడు నెలల ముందు, అదే 1923 జులై 7న, న్యూయార్క్ రేవు నుంచి ‘రోషాంబో’ అనే ఓడలో ఎనిమిదిమంది కాలేజీ కుర్రాళ్లు ఫ్రాన్సుకు బయల్దేరారు. వాళ్లు డెలావేర్ విశ్వవిద్యాలయం విద్యార్థులు. ఏడాది చదివి తిరిగి రావాలని ముందే ఒప్పందం. అమెరికాలో కాలేజీ చదువు మధ్యలో విద్యార్థులను ఇలా విదేశానికి పంపే ఏర్పాటుకు ఆ ప్రయాణమే తొలి అడుగని చెబుతారు.

దాని వెనక ఉన్న మనిషి రేమండ్ కర్క్‌బ్రైడ్. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసి వచ్చి డెలావేర్‌లో ఫ్రెంచి బోధించే యువ అధ్యాపకుడు. 1921లో ఈ ఆలోచన విశ్వవిద్యాలయం అధ్యక్షుడు వాల్టర్ హల్లిహెన్‌కు చెప్పాడు. ఆయనకు నచ్చింది గానీ విశ్వవిద్యాలయం దగ్గర డబ్బు లేదు. అప్పట్లో వాణిజ్య మంత్రిగా ఉన్న హెర్బర్ట్ హూవర్ మంచి ఆలోచన అని మద్దతిచ్చాడు. పారిశ్రామికవేత్త పియర్ డ్యూపాంట్ చందా ఇచ్చాడు. పిల్లలు మొదట నాన్సీ పట్టణంలో వేసవంతా ఫ్రెంచి భాష మీద కూర్చున్నారు. ఆ తర్వాత పారిస్ వెళ్లి సోర్బాన్‌లో పాఠాలు విన్నారు. హాస్టళ్లలో కాదు, ఫ్రెంచి కుటుంబాల ఇళ్లలో ఉన్నారు. కర్క్‌బ్రైడ్ పట్టుదల అంతా అక్కడే. క్లాసులో రాని భాష భోజనాల బల్ల దగ్గర వస్తుందని ఆయన నమ్మకం. డెలావేర్‌లో ఈ ఏర్పాటు 1948 వరకు నడిచింది. వేరే కాలేజీల వాళ్లు కూడా అందులో చేరి వందలాదిగా వెళ్లొచ్చారు. స్మిత్ మహిళా కళాశాల 1925లోనే సొంతంగా మరో బృందాన్ని పంపడం మొదలుపెట్టింది.

ఆ స్మిత్ కళాశాల బృందంతోనే 1949లో వాసర్ కళాశాల విద్యార్థిని ఒకామె వెళ్లింది. పేరు జాక్వెలిన్ బూవియే. పదేళ్లు తిరిగేసరికి ప్రపంచమంతటికీ జాకీ కెనెడీగా తెలిసిన మనిషి. అప్పటికి ఇరవై ఏళ్లు. గ్రెనోబుల్‌లో కొన్ని వారాలు భాష నేర్చుకుని, తర్వాత పారిస్‌లో మోజార్ వీధిలో ద రెంటీ అనే కుటుంబం ఇంట్లో దిగింది.

ఆ ఇంటి సంగతి కొంచెం తెలుసుకోవాలి. యుద్ధం ముగిసి నాలుగేళ్లే అయింది. ఇంటి యజమానురాలు, ఆమె భర్త నాజీలకు వ్యతిరేకంగా రహస్య ప్రతిఘటన ఉద్యమంలో పనిచేశారు. పట్టుబడ్డారు. ఆమెను రావెన్స్‌బ్రూక్ నిర్బంధ శిబిరానికి పంపారు. ఆమె ప్రాణాలతో బయటపడింది. భర్త శిబిరంలోనే చనిపోయాడు. ఉన్నింటి మనుషులే అయినా కుటుంబం గడవడానికి ఆమె విద్యార్థినులను ఇంట్లో పెట్టుకుంది. చలికాలంలో గదులు వెచ్చబెట్టుకునే ఏర్పాటు అంతంత మాత్రం. వేడినీళ్లు ఎప్పుడో గాని రావు. అందరికీ కలిపి ఒకటే స్నానాలగది. న్యూయార్క్ కలవారింట పెరిగిన పిల్ల చేతులకు గ్లవ్స్ తొడుక్కుని, దుప్పటి కప్పుకుని మంచం మీద కూర్చుని చదువుకునేది. పరాయి దేశపు చరిత్ర ఆమెకు పాఠ్యపుస్తకంలో కంటే ముందు, రోజూ పొద్దున్నే కాఫీ అందించే ఆ ఇల్లాలి జీవితంలో ఎదురైంది.

తిరిగొచ్చాక జాక్వెలిన్ మళ్లీ వాసర్ కళాశాల మెట్లెక్కలేదు. రాజధాని వాషింగ్టన్‌లోని జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి మారి, 1951లో ఫ్రెంచి సాహిత్యంలో డిగ్రీ తీసుకుంది. ఆ ఏడాదే ‘వోగ్’ పత్రిక పెట్టిన పోటీకి రాసిన వ్యాసంలో, జీవితంలో తనకు అన్నిటికన్నా ఇష్టమైన ఏడాది ఫ్రాన్సులో గడిపిందేనని చెప్పుకుంది. తెలుసుకోవాలన్న ఆకలిని అంతకుముందు దాచుకునేదట. అందుకు సిగ్గుపడనక్కర్లేదని అక్కడ తెలిసిందట. ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి. ఈ విద్యార్థిని గుర్తుపెట్టుకున్నది ఈఫిల్ టవర్ని కాదు, తనలో వచ్చిన ఒక మార్పుని.

1961 వేసవి మొదట్లో అధ్యక్షుడు కెనెడీతో కలిసి ఆమె పారిస్ వెళ్లినప్పుడు, ఫ్రాన్సు అధ్యక్షుడు ద గోల్‌తో ఫ్రెంచిలోనే మాట్లాడింది. పారిస్ జనం చూపులన్నీ ఆమె మీదే. తాను జాక్వెలిన్ కెనెడీ వెంట పారిస్ వచ్చిన మనిషినని కెనెడీ విలేకరుల ముందు చెప్పుకున్నాడు. ఫ్రెంచి సాంస్కృతిక మంత్రి ఆంద్రె మాల్రోతో ఆమెకు కుదిరిన స్నేహం వల్ల, లియొనార్డో గీసిన ‘మోనాలిసా’ చిత్రం అట్లాంటిక్ దాటి వచ్చి, 1963 జనవరిలో వాషింగ్టన్‌లో ప్రదర్శనకు నిలిచింది. పన్నెండు పదమూడేళ్ల కింద చలి గదిలో నేర్చుకున్న భాష అలా రెండు దేశాల మధ్య పనికొచ్చింది.

అందరికీ ఇలాగే జరుగుతుందని ఎవరూ అనరు. కొందరికి ఆ రోజులు తీపి గుర్తులు కావు.

1963 సెప్టెంబరు. ఇంకో అమెరికన్ విద్యార్థుల బృందం ఫ్రాన్సులో దిగింది. ఇది హామిల్టన్ కళాశాల పంపిన బృందం. పారిస్ వెళ్లేముందు సముద్రం ఒడ్డున ఉన్న బియారిట్జ్ పట్టణంలో భాషా శిక్షణ. అందులో బ్రాండైస్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఏంజెలా డేవిస్ ఉంది. అలబామా రాష్ట్రం, బర్మింగ్‌హామ్ ఊరు ఆమె సొంతూరు. నల్లజాతివాళ్లకు వేరే బడి, వేరే బస్సు సీటు, వేరే నీళ్ల కుళాయి ఉన్న ఊరది. ఒకరోజు పత్రిక తెరిస్తే తన ఊరి పేరు కనిపించింది. సెప్టెంబరు 15, ఆదివారం నాడు, అక్కడి పదహారో వీధి బాప్టిస్టు చర్చిలో శ్వేతజాతి దురహంకారులు పెట్టిన బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. ఆడీ మే కాలిన్స్, సింథియా వెస్లీ, కెరోల్ రాబర్ట్‌సన్, డెనీస్ మక్‌నెయిర్. ఆ నలుగురిలో తన కుటుంబానికి బాగా తెలిసిన పిల్లలున్నారు. చుట్టూ ఉన్న తోటి అమెరికన్ విద్యార్థులు జాలిపడ్డారు. కానీ అది తెలిసిన పిల్లల చావని, అంతకంటే ఎక్కువగా తన ఊళ్లో ఏళ్లుగా నడుస్తున్న హింసకు కొనసాగింపని వాళ్లకు అర్థం కాలేదని, 1974లో వచ్చిన ఆత్మకథలో ఆమె రాసుకుంది.

దూరాన ఉండి సొంత ఊరి వార్త చదవడం ఎలా ఉంటుందో గల్ఫ్‌కు వెళ్లిన కరీంనగర్ కుటుంబాలకు, అమెరికాలో పిల్లలున్న గుంటూరు తల్లిదండ్రులకు చెప్పనక్కర్లేదు. డేవిస్ విషయంలో ఆ దూరమే చూపును మార్చింది. అమెరికాలో తన మనుషులకు జరుగుతున్నదాన్ని ఫ్రాన్సులో అల్జీరియన్లకు జరుగుతున్నదాని పక్కన పెట్టి చూడటం ఆమె అక్కడ నేర్చుకుంది. 1965లో ఫ్రెంచి సాహిత్యంలోనే డిగ్రీ పూర్తిచేసి, తర్వాత తత్వశాస్త్రం చదవడానికి జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లింది. 1970లో అమెరికా ప్రభుత్వం ఆమెను జైల్లో పెట్టినప్పుడు, ఆమె విడుదల కోసం పారిస్ వీధుల్లో వేలమంది ఊరేగారు. 1972లో న్యాయస్థానం ఆమెను నిర్దోషిగా విడుదల చేసింది.

ఆమె ఆత్మకథలో ఇంకో సంఘటన ఉంది. టీనేజీలో ఉన్నప్పుడు బర్మింగ్‌హామ్‌లో నల్లవాళ్లను ముందు వైపు కూర్చోనివ్వని ఓ చెప్పుల దుకాణంలోకి ఏంజెలా, చెల్లెలు ఫానియా ఇద్దరూ ఫ్రెంచి మాట్లాడుకుంటూ వెళ్లారు. విదేశీయులనుకుని దుకాణం వాళ్లు ఎదురొచ్చి మర్యాద చేశారు, ముందు కుర్చీల్లో కూర్చోబెట్టారు. అసలు సంగతి చెప్పి పిల్లలిద్దరూ నవ్వుతూ బయటికొచ్చారు. పరాయి భాష ఆ పిల్లకు మొదటినుంచీ ఒక చాటు, ఒక ఆయుధం కూడా. ఆమె అనుభవాన్ని జాక్వెలిన్ అనుభవంతో కలిపి ఒకే మూసలో పోయడం అన్యాయం.

మనవాళ్లలోనూ ఇలాంటి చదువు ఒకటుంది, సెమిస్టరు కాకపోయినా చెప్పుకోదగ్గది. బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరి 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్లాడు. ఐర్లండ్ అప్పుడు బ్రిటిష్ పాలన మీద తిరగబడుతోంది. అక్కడి స్వాతంత్ర్య ఉద్యమం, కార్మిక ఉద్యమం ఆయనను పట్టేశాయి. 1916లో ఈస్టర్ తిరుగుబాటు జరిగిన ఏడాదే ఆయన ఐర్లండ్ వదిలి రావలసి వచ్చింది. ఇంటికొచ్చి రైల్వే కార్మికుల సంఘాలు కట్టాడు. 1969లో రాష్ట్రపతి అయ్యాడు. రాష్ట్రపతి పదవి దిగాక రాసుకున్న జీవిత కథలో ఆ డబ్లిన్ రోజులకు పెద్దపీట వేశాడు.

ఇప్పుడు మళ్లీ ఎరాస్మస్ పథకానికి వద్దాం. ఎరాస్మస్ మొదటి ఏడాది, 1987లో, 11 దేశాల నుంచి 3,244 మంది విద్యార్థులు వెళ్లారు. పాతికేళ్లు తిరిగేసరికి, 2013 నాటికి, ఆ సంఖ్య ముప్పై లక్షలైంది. సగటున ఒక్కొక్కరు ఉన్నది ఆరు నెలలు. మొదటి విడత పిల్లలు తిరిగొచ్చాక బెల్జియంలోని గెంట్ నగరంలో ఓ సమావేశం పెట్టి, వెళ్లొచ్చిన 32 మందిని పిలిచి అడిగారు, ఎలా ఉంది, ఏం ఇబ్బంది పడ్డారు అని. ఆ పిల్లలు చెప్పినవి పెద్ద సిద్ధాంతాలేమీ కావు. దిగిన రోజు ఎక్కడుండాలో తెలియదు. ఏ ఆఫీసులో ఏ కాగితం ఇవ్వాలో చెప్పేవాళ్లు లేరు. పలకరించే మనిషి లేడు. వెళ్లొచ్చినవాళ్లే కొత్తవాళ్లకు తోడుండాలన్న ఆలోచన అక్కడ పుట్టింది. దాని నుంచే ఎరాస్మస్ విద్యార్థుల సంఘం ఒకటి తయారై, ఇప్పుడు యూరప్ అంతటా విశ్వవిద్యాలయాల్లో శాఖలు నడుపుతోంది. రైల్వే స్టేషనుకు వచ్చి కలిసేది, సిమ్ కార్డు కొనిపెట్టేది, అద్దె గది చూపించేది ఒకప్పుడు తాము కూడా ఆ ఇబ్బంది పడ్డవాళ్లే. పాత విద్యార్థుల జ్ఞాపకాలు పనికొచ్చే పనిగా మారడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

వేరే దేశంలో చదివినదాన్ని సొంత డిగ్రీలో ఎలా లెక్కేయాలన్న గొడవ తీర్చడానికి 1989లో యూరప్‌లో ఉమ్మడి క్రెడిట్ పద్ధతిని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. ఏడాదికి 60, సెమిస్టరుకు 30. విద్యార్థి బయల్దేరేముందే ‘లెర్నింగ్ అగ్రిమెంట్’ అనే కాగితం తయారవుతుంది. అక్కడ ఏ సబ్జెక్టులు చదువుతాడు, ఇక్కడ ఏ సబ్జెక్టుల బదులు వాటిని లెక్కేస్తారు అన్నది అందులో రాసి, విద్యార్థి, పంపే విశ్వవిద్యాలయం, చేర్చుకునే విశ్వవిద్యాలయం ముగ్గురూ సంతకం చేస్తారు. తిరిగొచ్చాక కౌంటరు దగ్గర వాదన ఉండకూడదని. 1958లో సోఫియా కొరాడి చేతిలో లేనిది సరిగ్గా ఆ ఒక్క కాగితమే.

మరి వెళ్లొచ్చినవాళ్లకు ఏం ఒరిగింది? 2014లో యూరోపియన్ కమిషన్ పెద్ద అధ్యయనం చేయించింది. విద్యార్థులు, అధ్యాపకులు, ఉద్యోగమిచ్చే సంస్థలు కలిపి ఎనభై వేల మందికి దగ్గరగా అందులో జవాబులిచ్చారు. డిగ్రీ అయిన ఐదేళ్లకు చూస్తే, బయట చదివి వచ్చినవాళ్లలో నిరుద్యోగం మిగతావాళ్లకంటే 23 శాతం తక్కువ. వెళ్లొచ్చినవాళ్లలో 27 శాతం మందికి తమ జీవిత భాగస్వామి ఆ రోజుల్లోనే పరిచయమయ్యారట. ఆ లెక్కన ఎరాస్మస్ జంటలకు పది లక్షల మంది పిల్లలు పుట్టి ఉంటారని అంచనా కట్టారు. పత్రికలు ఈ పిల్లల అంకెనే పట్టుకుని ఊరేగించాయి. ఇటలీ రచయిత ఉంబెర్తో ఎకో అయితే, ఎరాస్మస్ వల్లే తొలి తరం యూరోపియన్లు తయారయ్యారని అన్నాడు.

ఈ అంకెలను కొంచెం జాగ్రత్తగా చూడాలి. వెళ్లేవాళ్లు వెళ్లకముందే మిగతావాళ్లకంటే కాస్త ధైర్యవంతులు, కొత్తదానికి జంకనివాళ్లు అని అదే అధ్యయనంలో తేలింది. అంటే ఉద్యోగం దొరకడంలో గొప్పంతా సెమిస్టరుదే అనడానికి లేదు. డబ్బు సంగతి కూడా ఉంది. 2012-13లో ఎరాస్మస్ విద్యార్థికి అందిన సాయం సగటున నెలకు 270 యూరోల చిల్లర. బార్సిలోనాలోనో పారిస్‌లోనో గది అద్దెకే అది చాలదు. మిగతాది ఇంటి నుంచి రావాలి. ఇంట్లో లేనివాడు ఎలా వెళతాడు? వెళ్లొచ్చినవాళ్ల జ్ఞాపకాలు ఎంత అందంగా ఉన్నా, వెళ్లలేకపోయినవాళ్లు ఆ లెక్కలో ఎక్కడా కనపడరు.

ఈ జ్ఞాపకాలు అంత తీపిగా ఎందుకుంటాయో కూడా ఒక పరిశోధకుడు తవ్వి చూశాడు. నార్వే దేశస్థుడు స్వెరె లీస్‌గార్డ్ 1955లో ఒక అధ్యయనం ప్రచురించాడు. ఫుల్‌బ్రైట్ మీద అమెరికా వెళ్లొచ్చిన రెండు వందల మంది నార్వేజియన్లను కూర్చోబెట్టి అడిగాడు. ఆరు నెలల లోపు ఉన్నవాళ్లు అక్కడ బాగా సర్దుకున్నామని చెప్పారు. ఏడాదిన్నర పైన ఉన్నవాళ్లూ అదే చెప్పారు. మధ్యలో, ఆరు నుంచి పద్దెనిమిది నెలల దాకా ఉన్నవాళ్లు మాత్రం ఒంటరితనం, చికాకు, ఎవరూ తమవాళ్లు కాలేదన్న బాధ చెప్పారు. దిగగానే అంతా వింతగా, ఆనందంగా ఉంటుంది. కొన్నాళ్లకు ఆ వింత పోతుంది. ఆ తర్వాత గాని నిలకడ రాదు. దీన్నిబట్టి చూస్తే సెమిస్టరు విద్యార్థి వింత పోకముందే విమానం ఎక్కేస్తాడు. అతని తీపి జ్ఞాపకాల్లో నిజం ఉంది, కానీ సగం నిజమే. అమెరికాలో ఎమ్మెస్ చదివే మన పిల్లలు రెండో సెమిస్టరులో ఇంటికి ఫోన్ చేసి మాట్లాడలేక ఏడ్చే రోజులు ఆ మిగతా సగంలోవి.

1963లో అమెరికన్ పరిశోధక దంపతులు జాన్, జీన్ గల్లాహార్న్ దీనికి ఇంకో ముక్క కలిపారు. విదేశాల నుంచి తిరిగొచ్చిన అమెరికన్ విద్యార్థులను, అధ్యాపకులను పరిశీలించి, ఇంటికొచ్చాక కూడా అదే చుట్టు మళ్లీ మొదలవుతుందని చెప్పారు. మొదట అందరూ ముద్దుచేస్తారు. తర్వాత నీ కబుర్లు ఎవరికీ పట్టవు. సొంత ఊరే పరాయిగా అనిపిస్తుంది. పాత విద్యార్థులతో మాట్లాడితే ఈ మాట తప్పకుండా వస్తుంది. వెళ్లడం తేలికగా ఉంది, రావడమే కష్టమైంది అంటారు. వెళ్లేముందు ఓరియెంటేషన్ క్లాసులు పెట్టే కాలేజీలు, వచ్చినవాళ్లతో కూర్చుని ఒక పూట మాట్లాడటం మాత్రం మరిచిపోతాయి. ఇది పెద్ద లోపం. ఖర్చులేని పని కాబట్టి ఇంకా పెద్ద లోపం.

ఎరాస్మస్ పిల్లలు తమ మీద తామే చెప్పుకునే ఫిర్యాదు ఇంకొకటుంది. వెళ్లిన దేశంలో ఆ దేశం వాళ్లతో కాకుండా, తమలాగే వచ్చిన ఇతర దేశాల పిల్లలతోనే తిరిగామని, స్థానిక భాష కంటే ఇంగ్లీషే ఎక్కువ వాడామని. ఫ్రెంచి దర్శకుడు సెద్రిక్ క్లాపిష్ 2002లో తీసిన సినిమాలో బార్సిలోనాలో ఒకే ఇంట్లో ఏడు దేశాల కుర్రకారు కలిసి ఉంటారు. ఆ సినిమా చూసి ఎందరో ఎరాస్మస్‌కు దరఖాస్తు పెట్టారు. సరదాగానే ఉంటుంది. కానీ 1923లో కర్క్‌బ్రైడ్ పట్టుబట్టి పిల్లలను కుటుంబాల ఇళ్లలో ఎందుకు పెట్టాడో ఇక్కడ అర్థమవుతుంది. డాలస్‌లో నలుగురు తెలుగు రూమ్మేట్లతో రెండేళ్లుండి, పొరుగింటి అమెరికన్ పేరు తెలియకుండా వచ్చేసేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. ఇంటి భోజనం, ఇంటి భాష దొరకడం గొప్ప ఊరటే, కాదనలేం. వారానికి ఒక్కరోజైనా ఆ గడప దాటకపోతే అంత ఖర్చుపెట్టి వెళ్లిన దేశం కిటికీలోంచి చూసినట్టే ఉండిపోతుంది.

మన దగ్గర ఇప్పుడు పరిస్థితి మారుతోంది. యూజీసీ 2022లో తెచ్చిన నిబంధనల ప్రకారం, ట్విన్నింగ్ పద్ధతిలో మన విద్యార్థి చదువులో 30 శాతం మించకుండా క్రెడిట్లు విదేశీ విశ్వవిద్యాలయంలో సంపాదించుకోవచ్చు. నాలుగేళ్ల డిగ్రీకి 160 క్రెడిట్లనుకుంటే అది 48. రెండు సెమిస్టర్ల చదువు హాయిగా అందులో పడుతుంది. అయితే ఇది అన్ని కాలేజీలకూ వర్తించదు. న్యాక్ గ్రేడో ర్యాంకో తగినంత ఉండాలి, అవతలి విశ్వవిద్యాలయంతో ఒప్పందం ఉండాలి. క్రెడిట్లు దాచుకునే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ 2021 నుంచి ఉంది. తలుపు తెరిచే ఉందన్నమాట. ఎదురు దిశలోనూ రాకపోకలున్నాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం 1998 నుంచి ‘స్టడీ ఇన్ ఇండియా’ పేరుతో విదేశీ విద్యార్థులను సెమిస్టరు చదువుకు చేర్చుకుంటోంది. గచ్చిబౌలిలో కొన్ని నెలలుండి తెలుగు నాలుగు ముక్కలు నేర్చుకుని వెళ్లిన పిల్లలు పరాయి దేశాల్లో ఉన్నారు. వాళ్లకు హైదరాబాద్ ఎలా గుర్తుందన్నది మనం పలకరించిన తీరు మీదే ఆధారపడి ఉంటుంది.

అందుకని ఈ ప్రసంగం వింటున్న ప్రిన్సిపాళ్లకు, డీన్లకు, ఎగ్జామినేషన్ బ్రాంచిలో పనిచేసేవాళ్లకు ఒక విజ్ఞప్తి. మీ విద్యార్థి విదేశంలో ఒక సెమిస్టరు చదవడానికి వెళుతుంటే, ఏ సబ్జెక్టుకు బదులు ఏ సబ్జెక్టు లెక్కేస్తారో వెళ్లేముందే కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి. వచ్చాక బ్యాక్‌లాగులు మిగిల్చి తిప్పించకండి. స్కాలర్‌షిప్పు ఉంటే, ఇంటి నుంచి డబ్బు తెచ్చుకోలేని పిల్లకు ముందు ఇవ్వండి. విద్యార్థులకు ఒక మాట. అవకాశం వస్తే కుటుంబంతో ఉండే వసతి ఎంచుకోండి, స్థానిక భాష వారం రోజుల ముందు కాదు, ఆరు నెలల ముందు మొదలుపెట్టండి. ఇక ఇప్పటికే వెళ్లొచ్చినవాళ్లు మీ పాత కాలేజీకి ఒక శనివారం వెళ్లండి. గది అద్దె ఎంతైంది, ఏ ఆఫీసులో ఎన్నిసార్లు తిరిగారు, ఎక్కడ ఒంటరిగా అనిపించింది, ఏ క్లాసు మీ ఆలోచన మార్చింది, అన్నీ దాచకుండా చెప్పండి. వచ్చే ఏడాది వెళ్లబోయే పిల్లలకు కావలసింది ఆ వివరాలే.